స్కేల్ విమానంలో సన్నని భాగాలు: ఏది కొనాలి, ఏది చేత్తో చేసుకోవాలి

1/48 (అసలు కన్నా 48 రెట్లు చిన్నది) విమానం కిట్‌లో చక్రాల గది తలుపును తీసి కాలిపర్‌తో కొలవండి. చాలా కిట్లలో 0.8 నుంచి 1 మి.మీ. మందం వస్తుంది. 48తో గుణిస్తే 38 నుంచి 48 మి.మీ. అసలు విమానంలో ఆ తలుపు పలుచటి అల్యూమినియం రేకు, దాని అంచు అంత మొద్దుగా ఎక్కడా కనిపించదు. ఇందులో కిట్ తయారీదారు తప్పేమీ లేదు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో చివరిదాకా పారాలంటే ఆ మాత్రం మందం వదలక తప్పదు. సొంతంగా భాగాలు చేసుకోవడం, అంటే స్క్రాచ్‌బిల్డింగ్, అచ్చు చేయలేని ఈ చోటే మొదలవుతుంది.

ఇప్పుడు మార్కెట్లో దీనికి దారులు చాలా ఉన్నాయి: ఫొటో ఎచ్ (రసాయనంతో తొలిచి ఆకారాలు తీసిన) ఇత్తడి రేకులు, రెజిన్ (గట్టిపడే ద్రవంతో పోత పోసిన) కాక్‌పిట్లు, ఉబ్బెత్తుగా ముద్రించిన త్రీడీ డెకాల్స్ (అతికించే ముద్రణలు), ఇంట్లో త్రీడీ ప్రింటర్, ఇవేవీ లేకుండా ప్లాస్టిక్ షీటూ రాగి తీగా. ఏది మేలన్న ప్రశ్నకు విమానం మొత్తానికి ఒకే జవాబు దొరకదు. భాగాన్ని బట్టి అడగాలి. అసలు విమానంలో అది రేకా, గొట్టమా, గుడ్డా, పోత పోసిన ముద్దా? రేకును రేకుతోనే, గుండ్రటి దాన్ని గుండ్రటి దానితోనే చెయ్యాలి. ఫొటో ఎచ్‌లో వచ్చిన థ్రాటిల్ పిడిని ముందు నుంచి చూస్తే బాగుంటుంది, పక్క నుంచి చూస్తే 0.15 మి.మీ. రేకు ముక్క. ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆ లోపం పోదు.

కొనేముందు భాగహారం

అసలు కొలతను స్కేలుతో భాగించకుండా తీగ గానీ షీటు గానీ కొనకండి. నాలుగైదు అంకెలు గుర్తుంటే సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి. 12 మి.మీ. బ్రేకు గొట్టం 1/32లో 0.375, 1/48లో 0.25, 1/72లో 0.17 మి.మీ. రెండు అంగుళాల సీటు బెల్టు 1/32లో 1.6, 1/48లో 1.05, 1/72లో 0.7. కాక్‌పిట్‌లోని ప్రామాణిక 3⅛ అంగుళాల డయల్ 1/32లో 2.5, 1/48లో 1.65, 1/72లో 1.1. సుమారు 3 మి.మీ. ఉండే యాంటెన్నా తీగ 1/48లో 0.06 మి.మీ., తల వెంట్రుకంత.

కొంచెం లావు పాటి తీగైతే ఏం పోయిందిలే అనిపిస్తుంది. పోతుంది. పెయింటు, ప్రైమరు కలిసి తీగ చుట్టూ ఇంకో 0.05 మి.మీ. చేరుస్తాయి. 1/72లో 0.17 ఉండాల్సిన గొట్టానికి 0.3 తీగ వాడితే, రంగయ్యేసరికి అసలు విమానంలో 25 మి.మీ. గొట్టంతో సమానం. అది బ్రేకు లైనులా కాక నీళ్ల పైపులా ఉంటుంది. రెండు కొలతల మధ్య తటపటాయిస్తే సన్నదాన్నే తీసుకోండి.

భాగహారానికి ముందు ఫొటో కావాలి. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లకు విశాఖ ఆర్‌కే బీచ్ రోడ్డులోని టీయూ-142 విమాన మ్యూజియం మంచి పాఠశాల. మీరు చేసే మోడల్ టీయూ-142 కాకపోయినా, ల్యాండింగ్ గేరు కాళ్ల మీద గొట్టాలు ఎలా పాకుతాయో, క్లిప్పులు ఎక్కడెక్కడ పడతాయో, రివెట్ల వరసలు ఎలా నడుస్తాయో నిజం సైజులో కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త. ప్రదర్శనకు పెట్టే విమానాల్లో కొన్ని గొట్టాలు తీసేయడం, అన్నింటి మీదా ఒకే రంగు కొట్టేయడం మామూలే. ఆకారం వాటి నుంచి తీసుకోండి. రంగులకు మాత్రం సర్వీసులో ఉన్నప్పటి ఫొటోలు చూడండి.

గొట్టాలు, కేబుళ్లు

పెట్టిన శ్రమకు ఎక్కువ ఫలితం వచ్చే చోటు ఇది. ఎక్కువ మంది పదార్థం తప్పుగా ఎంచుకునే చోటూ ఇదే. పోటీలో ప్రధానంగా నాలుగున్నాయి.

రాగి వైండింగ్ తీగ మొదటిది. మోటారు రీవైండింగ్ షాపులో తూకానికి ఇస్తారు. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల చిన్న చుట్టలుగా కూడా దొరుకుతుంది. అడగాల్సింది గేజ్ నంబరు: 28 గేజ్ అంటే 0.376 మి.మీ., 33 అంటే 0.254, 36 అంటే 0.193, 38 అంటే 0.152, 40 అంటే 0.122. పైన చెప్పిన 12 మి.మీ. గొట్టానికి 1/32లో 28, 1/48లో 33, 1/72లో 38 గేజ్ చక్కగా సరిపోతాయి. వంపు నిలుస్తుంది, విరగదు, ఏళ్ల తరబడి చెడదు. చిక్కల్లా స్ప్రింగులా వెనక్కి రావడం, పైనున్న ఎనామిల్ పూతకు జిగురు సరిగా పట్టకపోవడం. లైటరు మంటలో ఒక్క క్షణం ఆడిస్తే రెండూ తీరతాయి. రాగి మెత్తబడుతుంది, పూత కాలిపోతుంది. మసిని 1000 నంబరు ఎమెరీ కాగితంతో తుడవండి. 38 గేజ్ కన్నా సన్న తీగను మంటలో పెడితే కరిగి ఉండ కడుతుంది కాబట్టి దాన్ని బ్లేడుతో గీకడమే మంచిది. అంత సన్న తీగ అసలే మెత్తన.

తిన్నటి తీగ కావాలంటే ఒక కొన వైజులో, రెండో కొన పట్టకారులో పట్టుకుని మెల్లగా లాగండి. ఒక చోట "వదిలినట్టు" చేతికి తెలుస్తుంది, అక్కడ ఆపాలి. అంతకు ముందున్న మెలికలన్నీ పోతాయి. అయితే ఇలా లాగిన తీగ మళ్లీ కాస్త బిగుసుకుంటుంది. అందుకే వంపులు తిరగాల్సిన గొట్టానికి ముందు లాగి, తర్వాత కాల్చాలి.

రెండోది సీసం తీగ. విదేశీ మోడలింగ్ సంస్థలు 0.2 మి.మీ. నుంచి అమ్ముతాయి. చేపల గాలాలకు ఈకలు కట్టేవాళ్లు వాడేదీ ఇదే. ఏ వంపు పెడితే ఆ వంపులో కిమ్మనకుండా ఉంటుంది, ఎదురు తిరగదు. ఇంజన్ వెనక ఒకదాని మీదొకటి పడి ఉండే గొట్టాల గుంపుకు దీనికి సాటి లేదు. కానీ మెత్తదనమే దాని బలహీనత కూడా. పట్టకారు తగిలిన ప్రతిచోటా గాటు పడుతుంది, తిన్నటి గీత కావాల్సిన చోట ఎప్పుడూ వంకరగానే కనిపిస్తుంది. పైగా ఆమ్లపు ఆవిరి తగిలితే సీసం తెల్లటి పొడిగా మారుతుంది. కొత్త చెక్క పెట్టెలో, గాలి ఆడని గాజు కేసులో పెట్టిన మోడల్‌కు ఈ ప్రమాదం ఎక్కువ. ప్రైమరుతో పూర్తిగా కప్పాలి. చేతులు కడుక్కోవాలి, పిల్లలున్న ఇంట్లో ముక్కలు కింద వదలకూడదు. సోల్డర్ తీగ దీనికి తమ్ముడి లాంటిది, 0.3 మి.మీ. దాకా దొరికితే 1/32కి బాగానే పనికొస్తుంది.

మూడోది సాగదీసిన స్ప్రూ. కిట్ ఫ్రేము ముక్కను కొవ్వొత్తి మంటకు రెండు, మూడు సెంటీమీటర్ల పైన తిప్పుతూ, మెత్తబడగానే మంట నుంచి పక్కకు తీసి లాగాలి. వేగంగా లాగితే సన్నగా, నిదానంగా లాగితే లావుగా వస్తుంది. మంటలో ఉండగానే లాగితే తెగుతుంది. తీగల్లో దేనికీ లేని గుణం దీనికి ఒకటుంది. ప్లాస్టిక్ సిమెంటుతో కిట్‌కు కరిగి అతుక్కుంటుంది, సూపర్ గ్లూ అక్కర్లేదు. తిన్నటి గొట్టాలకు, స్విచ్చులకు, లీవర్లకు దీన్నే ఎంచుకోండి. పదునైన వంపులకు వద్దు, విరుగుతుంది.

నాలుగోది దుకాణంలో కొనే ప్లాస్టిక్ రాడ్. ప్లాస్ట్రక్ట్ 0.3 మి.మీ. నుంచి, ఎవర్‌గ్రీన్ 0.5 మి.మీ. నుంచి అమ్ముతాయి. కొలత కచ్చితంగా ఉంటుంది, కానీ 1/72లో 0.3 అంటే 22 మి.మీ. కాబట్టి గొట్టాలకు కాక, స్ట్రట్లకూ కాక్‌పిట్ ఫ్రేములకూ ఉంచుకోండి.

మా ఎంపిక ఏమిటంటే, ల్యాండింగ్ గేరు బ్రేకు లైనుకు కాల్చిన రాగి, ఇంజన్ వెనక చిక్కుకు సీసం, తిన్నటి వాటికి స్ప్రూ. మూడూ ఒకే విమానంలో వాడడానికి వెనకాడకండి.

బ్రేకు లైను వేసే పద్ధతి 1/48కి ఇలా. చక్రం లోపలి వైపు ఒకటి, కాలు పైభాగాన ఒకటి, 0.3 మి.మీ. రంధ్రాలు, ఒక మి.మీ. లోతు చాలు. డ్రిల్ తీగ కన్నా 0.05 మాత్రమే పెద్దది ఉండాలి. ఇంకా పెద్దదైతే జిగురు గుంటలో నిండి ముద్దగా కనిపిస్తుంది. తీగను కావలసిన దాని కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ కోసి, చక్రం వైపు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. షాకబ్జార్బర్ కత్తెర లింకు ఉన్నచోట గొట్టం బయటికి ఒక లూపు తిరగాలి. కాలు కుదించుకున్నప్పుడు, చాచుకున్నప్పుడు గొట్టం తెగకుండా ఉండడానికే ఆ లూపు. అక్కడ కాలికి అంటుకుని తిన్నగా పోయే బ్రేకు లైను, మోడల్‌లో ఎంత శుభ్రంగా ఉన్నా, తప్పే. క్లిప్పులకు అల్యూమినియం ఫాయిల్‌ను 0.3 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి చుట్టండి, కాలికి మూడు నాలుగు చాలు. సూపర్ గ్లూను ట్యూబు నుంచి నేరుగా పెట్టొద్దు. చుక్కను గాజు మీద వేసి, సూది కొనతో ముట్టించి పెట్టండి.

డ్రిల్ బిట్ల సంగతి కూడా ఇక్కడే. సర్క్యూట్ బోర్డులకు వాడే కార్బైడ్ బిట్లు 0.3 నుంచి 1.2 దాకా పది కలిపి చవకగా దొరుకుతాయి. పదును బాగా ఉంటుంది, కానీ చేతి పిన్ వైజులో చెయ్యి ఇసుమంత పక్కకు వాలినా పుటుక్కున విరిగి, ముక్క రంధ్రంలోనే ఉండిపోతుంది. చేత్తో తిప్పేవాళ్లకు మామూలు హైస్పీడ్ స్టీలు బిట్లే మేలు.

గుండ్రటి రేడియల్ ఇంజన్ ఉన్న విమానమైతే సన్న రాగి తీగకు ఇంకో పని ఉంది. థండర్‌బోల్ట్, కోర్సెయిర్ విమానాల ఆర్-2800 ఇంజన్‌కు 18 సిలిండర్లు, సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు, మొత్తం 36 లీడ్లు (ప్లగ్గులకు వెళ్లే తీగలు). కౌలింగ్ (ఇంజన్ మీది తొడుగు) మూసి పెట్టే మోడల్‌కు 36 అక్కర్లేదు, ముందు వైపు ప్లగ్గుల 18 లీడ్లే బయటికి కనిపిస్తాయి. 36 గేజ్ తీగ, ఇగ్నిషన్ రింగులో 0.25 రంధ్రాలు. రింగుకు ముందు అన్ని తీగలూ నిలబెట్టి అతికించి, ఆరాక ఒక్కొక్కటీ వంచి కొస కోసుకుంటూ పోవాలి. కొలిచి కోసిన ముక్కలు అతికించబోతే ఏ రెండూ సమానంగా రావు.

డయళ్ల ప్యానెల్

ఇక్కడ మాత్రం చేతిపని కన్నా కొన్నదే చాలాసార్లు గెలుస్తుందని ఒప్పుకోవాలి. క్వింటా స్టూడియో, ఎడ్యుఆర్డ్ లాంటి సంస్థల ఉబ్బెత్తు త్రీడీ డెకాల్ ప్యానెల్స్‌లో బెజెల్ (డయల్ చుట్టూ ఉండే అంచు) ఎత్తు, అద్దం మెరుపు, ముల్లు, అంకెలు అన్నీ ముద్రణలోనే వస్తాయి. 1/72, 1/48లో కాక్‌పిట్ మూసే ఉంచేవాళ్లు వేరే ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. పని రెండే ముక్కలు: కిట్ ప్యానెల్ మీది ఉబ్బులన్నీ గీకి చదును చెయ్యాలి, డెకాల్ జిగురును నమ్మకుండా పలుచటి తెల్ల జిగురు అదనంగా పెట్టాలి. గీకకుండా అతికిస్తే ప్యానెల్ కింద గాలి ఉండి, కొన్నాళ్లకు మూల లేస్తుంది. ఇంకో సంగతి, పక్కనున్న కాక్‌పిట్ గోడల రంగు ఈ ప్యానెల్ రంగుతో కలవకపోతే అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ముందు ప్యానెల్ చేతికి తీసుకుని, దానికి తగ్గట్టు గోడల రంగు కలపండి.

రంగు ముద్రించిన ఫొటో ఎచ్ ప్యానెల్స్ దూరం నుంచి బాగుంటాయి. దగ్గరగా చూస్తే రంగు చుక్కలుగా విడిపోతుంది, 1/32లో అది దాచలేం. కొత్త త్రీడీ డెకాల్ దొరికే విమానానికి వీటిని కొనడంలో అర్థం లేదు.

చేత్తో చేసే ప్యానెల్ గెలిచేది రెండు చోట్ల: 1/32, ఇంకా మార్కెట్లో ఎవరూ ప్యానెల్ తయారు చెయ్యని అరుదైన రకాలు. పద్ధతి మూడు పొరలు. పైన 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీటులో డయళ్ల రంధ్రాలు, మధ్యలో పారదర్శక ఫిల్ము, వెనక ముద్రించిన డయళ్లు. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) లేజర్ ప్రింటర్‌లో ఒక చుక్క 0.042 మి.మీ. అంటే 1/48 డయల్ అడ్డంగా 39 చుక్కలే, గీతలు వస్తాయి గానీ అంకెలు రావు. 1/32లో 59 చుక్కలు, పెద్ద అంకెలు చదవొచ్చు. రంధ్రాలన్నీ పెద్ద షీటు మీదే తొలిచి, ప్యానెల్ ఆకారాన్ని చివర్లో కోయండి. ముందే కోసిన ప్యానెల్‌లో తొలిస్తే డయళ్ల మధ్యనున్న సన్నటి వంతెనలు చిట్లుతాయి. రంధ్రాల మధ్య 0.3 కన్నా తక్కువ మిగిలితే మొదట సగం సైజు రంధ్రం వేసి, గుండ్రటి ఆకురాయితో పెంచుకోండి.

కాక్‌పిట్ గోడలు: రెజినా, షీటా

రెజిన్ కాక్‌పిట్ పెట్టెలో చూస్తే మనసు లాగేస్తుంది. కొనేముందు ఒక లెక్క చూడండి. కిట్ ఒడలి (విమానం దేహం, ఫ్యూజలాజ్) గోడ 1 నుంచి 1.2 మి.మీ., దానికి లోపల రెజిన్ గోడ 0.8. రెండు వైపులా కలిపితే కాక్‌పిట్ వెడల్పులో 1.6 మి.మీ. పోతుంది. 1/72 ఫైటర్‌లో మొత్తం వెడల్పే 8 మి.మీ. చుట్టుపక్కల. సీటు పట్టదు, ఒడలి రెండు సగాలు మూసుకోవు, బలవంతంగా మూస్తే రెక్క మొదలు దగ్గర సందు తెరుచుకుంటుంది. కాబట్టి రెజిన్ పెట్టాలంటే కిట్ గోడను 0.3–0.4కు అరగదీయక తప్పదు. అరగదీస్తూ దీపం ముందు పెట్టి చూస్తుండాలి, వెలుతురు పలుచగా లోపలికి రావడం మొదలవగానే ఆపాలి. ఇంకాస్త తీస్తే బయటి ప్యానెల్ గీతల వెంట చిరుగుతుంది. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి.

షీటుతో చేసే గోడ ఈ చిక్కేదీ తీసుకురాదు. కిట్ గోడ మీది గుర్తులు గీకేసి, 0.25 × 0.5 మి.మీ. పట్టీలను ఫ్రేములుగా, వాటి మధ్య 0.13 మి.మీ. షీటు ముక్కలను చిన్న ప్లేట్లుగా, 0.5 షీటు ముక్కలను రేడియో, కంట్రోలు పెట్టెలుగా అతికిస్తే మొత్తం మందం 0.5 దాటదు. ఒక వైపుకు ఆరు ఫ్రేములు, నాలుగు పెట్టెలు, మూడు కేబుళ్లు, ఒక థ్రాటిల్ ఉంటే 1/48లో నిండుగా కనిపిస్తుంది. పెట్టెల మీద స్విచ్చులకు 0.15 స్ప్రూ కొసలు, లేదా పలుచ చేసిన తెల్ల జిగురు చుక్కలు.

పెట్టెలు అతికించే ముందు వాటి అంచులను ఒక్కసారి 600 ఎమెరీకి తాకించండి. బ్లేడుతో కోసినప్పుడు లేచే గట్టు, రంగు దాదాపు ఆరిపోయిన బ్రష్‌తో రుద్దినప్పుడు తెల్లగా పట్టిచ్చేస్తుంది.

షీటు ఎక్కడ దొరుకుతుందని చాలామంది ఆగిపోతారు. దిగుమతి షీట్లు దొరక్కపోతే ఇంట్లో ఉన్న పెరుగు, ఐస్‌క్రీమ్ కప్పుల అడుగున త్రికోణం గుర్తు చూడండి. 6 ఉంటే పాలీస్టైరీన్, 0.2 నుంచి 0.4 మి.మీ. మందం, కిట్ సిమెంటుతో కరిగి అతుకుతుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, దేనితోనూ సరిగా అతకదు, రంగూ పట్టదు, పక్కన పెట్టేయండి. పాత ఏటీఎం కార్డు పీవీసీ, దానికి సూపర్ గ్లూ కావాలి. ఆర్కిటెక్చర్ మోడల్స్‌కు వాడే సన్‌బోర్డు నురుగు పదార్థం, సన్నపనికి రాదు.

మరి రెజిన్ ఎప్పుడు? ఎజెక్షన్ సీటుకు. దాని కుషన్ల మడతలు, పట్టీల కింద నలిగిన గుడ్డ, తలదిండు గుబురు చేత్తో చెక్కాలంటే నెల పని, రెజిన్ ముక్క గంటలో అమరుతుంది. మిగ్-21 లాంటి జెట్‌కు సీటు రెజిన్‌లో కొని, గోడలు షీటుతో చేసుకుంటే డబ్బూ కొలతా రెండూ కలిసొస్తాయి. పూర్తి రెజిన్ సెట్ 1/32లోనే నిజంగా అమరుతుంది.

ఇంట్లో రెజిన్ త్రీడీ ప్రింటర్ ఉంటే ఒకే భాగం నాలుగు కన్నా ఎక్కువ కావలసిన చోట వాడండి: బాంబు ర్యాక్ క్లాంపులు, ఇంజన్ సిలిండర్లు. 0.25 కన్నా పలుచని గోడలు విరుగుతాయి, సన్నటి లీవర్లు సపోర్టు తీసేటప్పుడే పోతాయి. కడగని ప్రింటు ముక్కను ఉత్త చేతులతో తాకొద్దు, చర్మానికి అలర్జీ ఒకసారి వస్తే వదలదు.

సీటు బెల్టులు

బెల్టు గుడ్డ, సీటు మీద కుంగి, అంచున మడత పడి కిందికి జారాలి. ఫొటో ఎచ్ ఇత్తడి బెల్టు పెట్టెలోంచి తీసిన పళంగా వంచితే గాలిలో నిలబడుతుంది. మంటలో ఎర్రబారేదాకా చూపి చల్లారనిస్తే మెత్తబడుతుంది. అయితే రంగు ముద్రించి వచ్చిన వాటిని మంటలో పెట్టలేం, వంచిన చోట రంగు పెచ్చులూడుతుంది. వాటిని మొదట సన్న బ్రష్ పిడి మీద చుట్టి నెమ్మదిగా అలవాటు చెయ్యాలి.

లేజర్ కత్తిరింపు గుడ్డ బెల్టులు 1/32లో అన్నింటికన్నా నిజంగా కనిపిస్తాయి. బకిల్స్‌లోంచి 1.6 మి.మీ. పట్టీ దూర్చడం ఓపిక పని. 1/48లో కూడా చెయ్యొచ్చు. 1/72లో వద్దు.

చేత్తోనైతే మందు బిళ్లల స్ట్రిప్ వెనకనుండే అల్యూమినియం రేకు వంటింటి ఫాయిల్ కన్నా మందంగా, మడత నిలిచేలా ఉంటుంది. కొత్త బ్లేడు, స్టీలు స్కేలు, కింద గాజు పెట్టి 1.05 మి.మీ. పట్టీలు కోసి, కుట్టు గీతలకు అంచున సూదితో ఒత్తి, సీటు మీద తడి బ్రష్‌తో నొక్కి కూర్చోబెట్టండి. మాస్కింగ్ టేపుతో చేసిన బెల్టులు మొదటి రోజు బాగుంటాయి, జిగురు ఎండాక కొసలు లేస్తాయి. టేపే వాడాలనుకుంటే కింద సూపర్ గ్లూ పెట్టాలి. బకిల్స్ మాత్రం కొన్న ఫొటో ఎచ్‌వే వాడండి. అవి అసలులోనూ రేకు ముక్కలే.

తుపాకీ గొట్టాలు, పిటాట్

ఇంజెక్షన్ సూదులు ఇక్కడ ప్రాణం. కొత్తవి, సీలు విప్పనివి మాత్రమే. 26జి (26 గేజ్) సూది బయటి కొలత 0.46, లోపల 0.26 మి.మీ. 1/48లో 12.7 మి.మీ. బ్రౌనింగ్ తుపాకీ రంధ్రం కూడా సరిగ్గా 0.26. 21జి సూది లోపల 0.51 కాబట్టి 26జి అందులోకి దూరుతుంది. 23జిలోకి 30జి దూరుతుంది. రెండు అంచెల పిటాట్ గొట్టం (గాలి వేగం కొలిచేది) ఇలా ఐదు నిమిషాల్లో తయారవుతుంది. సూదిని కటింగ్ ప్లేయర్‌తో కొరికితే నోరు నలిగి మూసుకుపోతుంది. రోటరీ టూల్ కటాఫ్ డిస్కుతో కోసి, కొసను ఎమెరీ మీద తిప్పుతూ చదును చెయ్యండి. కళ్లద్దాలు తప్పనిసరి.

మొన వైపు క్రమంగా సన్నబడే గొట్టాలకు, మిగ్-21 ముక్కు ముందున్న పొడవాటి పిటాట్ బూమ్ లాంటి వాటికి, లేత్‌లో తిప్పిన ఇత్తడి భాగం కొనడమే దారి. అంచెలు కనిపించకుండా సూదులతో ఆ సన్నబాటు రాదు, కిట్ ప్లాస్టిక్‌దైతే పెట్టెలోంచి తీసేలోపే విరుగుతుంది.

పలుచటి తలుపులు

మొదట చెప్పిన తలుపులకు ఫొటో ఎచ్ సరైనదే, ఎందుకంటే అసలుది రేకు. కానీ ఒడలి వంపు అనుసరించే తలుపును ఇత్తడిలో సమంగా వంచడం కష్టం, రోలరు లేకపోతే మధ్యలో మడత గీత పడుతుంది. 0.25 షీటును అదే వంపున్న గుండ్రటి సీసా మీదో పెన్ను పిడి మీదో టేపుతో బిగించి మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, వెంటనే చన్నీళ్లలో పెడితే ఆ వంపే పట్టుకుంటుంది. ఒడలి మీదే బిగించొద్దు, దాన్ని కూడా ముంచాల్సి వస్తుంది. లోపలి పక్క పలకలకు 0.13 షీటు అతికించి, తలుపు అంచు 0.4 దాటకుండా చూసుకోండి.

రివెట్లు

రివెట్ చక్రం (దొర్లిస్తే పళ్లతో చుక్కల వరస వేసే చిన్న పనిముట్టు) కొనగానే విమానమంతా దొర్లించాలనిపిస్తుంది. ఆగండి. రెండో ప్రపంచయుద్ధపు ముస్టాంగ్ ఫైటర్ రెక్క మీద ముందు అంచు నుంచి సుమారు 40 శాతం దాకా రివెట్లను, అతుకులను పుట్టీతో నింపి నున్నగా రుద్ది రంగు వేసేవారు, గాలి ఒరుసుకోకుండా జారాలని. అక్కడ రివెట్లు వేస్తే తప్పు. ఇప్పుడు ఎగిరే పునరుద్ధరించిన ముస్టాంగుల్లో చాలావాటికి ఆ పుట్టీ లేదు, వాటి ఫొటోలు చూసి మోసపోవద్దు. హరికేన్ వెనక ఒడలి గుడ్డ, అక్కడ రివెట్లే ఉండవు.

స్పిట్‌ఫైర్ సంగతి ఇంకా ఆసక్తికరం. నున్నటి రివెట్లు ఎక్కడ అవసరమో, బొడిపె రివెట్లతో ఎక్కడ సరిపెట్టుకోవచ్చో తేల్చడానికి నమూనా విమానం కే5054 మీద ఎండు బఠాణీ బద్దలను రివెట్ల మీద అతికించి ఎగరేశారు. వరసలు కొద్దికొద్దిగా తీసేస్తూ వేగం ఎక్కడ మారుతుందో చూశారు. దాని ఫలితమే చాలా స్పిట్‌ఫైర్లలో రెక్క ముందు భాగం నున్నగా, వెనక ఒడలి బొడిపెలతో ఉండడం. అంటే ఒకే మోడల్‌లో రెండు పదార్థాలు కావాలి. రెక్క మీద చక్రంతో లేత గుంటలు, వెనక ఒడలిపై రెజిన్ చుక్కల డెకాల్. గుంటలతో రెండూ సరిపెడితే స్పిట్‌ఫైర్ తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

చక్రం కొనేటప్పుడు పళ్ల మధ్య దూరం చూడండి. అసలు దూరం 25–40 మి.మీ. అనుకుంటే 1/48లో 0.5 నుంచి 0.85, 1/72లో 0.35 నుంచి 0.55. మందపాటి అతుకు టేపును గైడుగా పెట్టి ఒక్కసారే దొర్లించాలి. రెండోసారి వెళ్తే రెట్టింపు చుక్కలు పడతాయి. తర్వాత 1500 ఎమెరీతో లేత తడి రుద్దుడు ఇస్తే గుంటల చుట్టూ లేచిన గట్టు పోతుంది. ప్రైమరు మందంగా వేస్తే ఈ పనంతా పూడిపోతుంది.

యాంటెన్నా తీగ

ముందు అసలు ఉందో లేదో చూడండి. తొలి స్పిట్‌ఫైర్లలో ఒడలి మీది యాంటెన్నా స్తంభం నుంచి చుక్కాని దాకా తీగ ఉండేది. వీహెచ్‌ఎఫ్ రేడియో వచ్చాక ఆ తీగ పోయింది, స్తంభం మాత్రం మిగిలింది. స్తంభం ఉంది కదాని తీగ కట్టేయడం తరచూ కనిపించే పొరపాటు.

సాగే లైక్రా దారం, మోడలర్లు ఈజీ లైన్ అని పిలిచేది, చెయ్యి తగిలినా తెగదు, మళ్లీ బిగుసుకుంటుంది. ప్రదర్శనలకు తీసుకెళ్లే మోడల్‌కు అదే ఎంచుకోండి. నైలాన్ దారం బలంగా ఉంటుంది గానీ ప్లాస్టిక్ స్తంభాన్ని లాగి వంచేస్తుంది. అల్మరాలో కదలకుండా ఉండే మోడల్‌కు నల్ల స్ప్రూ సాగదీసి కట్టండి. రంగు అక్కర్లేదు, 0.06 దాకా సన్నగా వస్తుంది, వెలిగించిన అగరుబత్తి కొనను సెంటీమీటరు దూరంలో ఆడిస్తే ముడుచుకుని బిగుస్తుంది. మరీ దగ్గరికి పోతే తెగుతుంది.

జర్మన్ ఫైటర్ ఎఫ్‌డబ్ల్యూ 190లో తీగ కెనోపీకి (కాక్‌పిట్ మీది అద్దపు మూతకు) కలిసి ఉంటుంది. కెనోపీ వెనక్కి జరిపితే వదులై వేలాడే రకాలున్నాయి. సాగే దారం ఆ వేలాటం చూపలేదు. స్ప్రూను కొంచెం పొడవుగా అతికించి వదిలేస్తే చూపుతుంది. తీగ మీది పింగాణీ ఇన్సులేటర్లకు తెల్ల జిగురు చుక్క ఒకటి పెట్టి, ఆరాక రెండో చుక్క దాని మీదే పెట్టండి. ఒకేసారి పెద్ద చుక్క పెడితే కిందికి జారుతుంది. కెనోపీ దగ్గర సూపర్ గ్లూ వాడొద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. అక్కడ కూడా తెల్ల జిగురే. తీగ కట్టడం అన్ని వార్నిషులూ ఆరాకే.